ఒక పొట్లం ఎక్కువ

క్రిస్మస్ మరుసటి రోజే ఇంటి మీది నక్షత్రాన్ని దించి అటక మీద పారేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది. నక్షత్రాన్ని చూసి బాల యేసును వెతుక్కుంటూ బయలుదేరిన జ్ఞానులు ఇంకా దారిలోనే ఉంటారు, పాపం. ఒంటెల మీద ఊగుతూ వస్తూ ఉంటారు. వాళ్ళకు దారి చూపించే దీపాన్ని మనం ఆర్పేసి, మిగిలిన కజ్జికాయలు డబ్బాల్లో సర్దుకుంటూ కూర్చుంటామా? ఈ మాట స్త్రీల సమాజంలో అంటే అందరూ నవ్వేవాళ్ళు. మా ఆయన సంఘ కాపరి. అయ్యగారి భార్యకు నోరెక్కువ అన్న పేరు నాకు మొదటినుంచీ ఉంది. "అయ్యగారు గుళ్ళో చెప్తే అమ్మగారు వీధిలో చెప్తుంది" అని ఆయన మొదట అయ్యగారుగా పనిచేసిన పుంగనూరులో నా వెనకాల అనుకునేవాళ్ళు. నా ముందర కూడా అనేవాళ్ళు.

నేను కోడలిగా అడుగుపెట్టిన మదనపల్లె సంఘంలో మాత్రం ఆ తప్పు ఎవరూ చేసేవాళ్ళు కాదు. జనవరి ఆరో తేదీన వచ్చే పండుగను ఆరాధన పుస్తకంలో ప్రత్యక్షతా పండుగ అంటారు. మావాళ్ళకు అది జ్ఞానుల పండగ. ఆ రోజు పొద్దున ఆరాధన అయ్యేదాకా అందరి ఇళ్ళ మీదా నక్షత్రాలు ఉండాల్సిందే. ఆరాధన కాగానే ఇళ్ళకు పోయి దించుకుంటారు. పోయిన జ్ఞానుల పండగ తర్వాత ఎవరింట్లో బిడ్డ పుట్టిందో ఆ ఇంటి నక్షత్రం మాత్రం అట్లాగే ఉంటుంది. సందె వేళకు దాంట్లో దీపం పెడతారు. సంఘ పెద్దల్లో ముగ్గురు జ్ఞానుల వేషం కట్టి, వెనక పాట పాడేవాళ్ళను వెంటబెట్టుకుని బయలుదేరి, నక్షత్రం కనపడిన ప్రతి ఇంటికీ పోతారు. ముందుగా ఎవరినీ అడగరు. ఎవరూ పిలవరు. నక్షత్రం ఎక్కడుంటే అక్కడికి పోవాలి, లేనిచోటికి పోకూడదు. ఉన్న నియమమంతా అదొక్కటే.

వేషాలంటే పెద్ద వేషాలేం కావు. ఒకాయన భార్య పట్టుచీరను తలపాగా చుట్టుకునేవాడు. ఇంకొకాయన వాకిలి తెరను భుజాల మీదుగా వేసుకునేవాడు, దాని చివర ఉంగరాలు గలగలమంటూ ఉండేవి. అట్టకు బంగారు రంగు కాగితం అంటించిన కిరీటాలు. మదనపల్లె జనవరి చలి తెలుసు కదా, కిరీటం కింద మఫ్లరు లేకుండా ఏ జ్ఞానీ బయటికి వచ్చేవాడు కాదు.

ఇక కానుకలు. బంగారం, సాంబ్రాణి, బోళం. ఈ మూడూ చిన్న చిన్న పొట్లాలు కట్టి, మూడింటినీ కలిపి ఒక తెల్లగుడ్డలో మూట కట్టేది మా అత్త. ఇంటికొక మూట. దాన్నే అందరం పొట్లం అనేవాళ్ళం. బంగారానికి బదులు అచ్చు బెల్లం ముక్క పెట్టేది.

"బంగారం మనకు యాడిదమ్మా? దాని రంగన్నా ఉండాది కదా," అనేది.

సాంబ్రాణి సరే, ప్రతి ఇంట్లోనూ ఉండేదే. బోళం కోసం మాత్రం బజారులో మూలికలు అమ్మే సాయిబు అంగడికి పోవాలి. గోధుమరంగు బంక ముక్కలు, నోట్లో పెట్టుకుంటే పరమ చేదు. మా అత్త వెంట నేను మొదటిసారి పోయినప్పుడు సాయిబు తక్కెడ తీస్తూనే అడిగినాడు.

"ఈ తూరి మీ గుళ్ళో ఎంతమంది బాలింతలమ్మా?"

నేను తెల్లబోయినాను. బిడ్డల సంగతి అడగకుండా బాలింతల సంగతి అడుగుతాడేమిటీయన అనుకున్నాను. ఇంటికి వస్తూ మా అత్త విడమరచి చెప్పింది. బోళాన్ని బెల్లంలో చుట్టి ఉండ చేసి బాలింత చేత మింగిస్తారట, కడుపు శుభ్రపడుతుందని. సాంబ్రాణి పొగ బాలింత తలకు, నడుముకు. బెల్లం సొంఠిలోకి. సాయిబుల ఇళ్ళల్లోనూ అంతే, రెడ్ల ఇళ్ళల్లోనూ అంతే.

"జ్ఞానులు తెచ్చింది బిడ్డకే గానీ, వాడుకునింది ఆ తల్లే అయ్యుంటుంది. పశువుల పాకలో కనిన మనిషికి పత్యం ఎవరు పెట్టినారు, సూడు?" అనింది మా అత్త.

వేదాంత కళాశాలలో చదివి వచ్చిన మా ఆయనకు ఈ మాట చెబితే నవ్వి ఊరుకున్నాడు. తర్వాతెప్పుడో ప్రసంగంలో వాడుకున్నాడు. అత్తగారి పేరు చెప్పలేదు.

నాకు మొదటి కాన్పు ఆ మదనపల్లెలోనే. డెబ్బైలు మొదలైన కొత్త. అప్పటికి మా ఆయన ఇంకా అయ్యగారు కాలేదు, అయ్యగారి కింద పనిచేసే ఉపదేశి. క్రిస్మస్‌కు ముందు రోజుల్లో మగబిడ్డ పుట్టినాడు. పుట్టకముందే మా ఆయన వెదురు పుల్లలు చీల్చి, రంగు కాగితం అంటించి, ఇంత పెద్ద నక్షత్రం చేసి పంచలో కట్టినాడు. బిడ్డ వారం రోజులు బతికినాడు. ఎందుకు పోయినాడో అప్పుడు ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు తెలుసుకుని చేసేదీ లేదు. వాడిని మట్టిలో పెట్టే పెట్టె కూడా మా ఆయనే చేసినాడు, నక్షత్రానికి తెచ్చిన మేకులు మిగిలుంటే వాటితోనే.

బిడ్డ పోయిన రోజు సాయంత్రానికి నా తలకు కట్టిన గుడ్డ విప్పేసినారు. చెవుల్లో దూది తీసేసినారు. మరుసటి రోజునుంచి అందరితోపాటే నాకూ సంగటి, పప్పు. పాలు ఇంకిపోవాలని రొమ్ముకు గుడ్డ బిగించి కట్టినారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అందరూ ఎంతో మంచిగా చూసినారు. కానీ బాలింతను చూసినట్టు చూడలేదు. కాన్పే జరగలేదన్నట్టు ఇల్లు సర్దేసినారు.

జ్ఞానుల పండగ రోజు నేను గుడికి పోలేదు. మధ్యాహ్నం మా అత్త పీట వేసుకుని ఎక్కి పంచలో నక్షత్రం విప్పింది. నేను మంచం మీద పడుకుని చూస్తున్నాను. ఆమె నావైపు చూడలేదు. పుల్లలు విడదీసి, కాగితం చిరగకుండా జాగ్రత్తగా మడిచి తన బట్టల పెట్టె అడుగున పెట్టింది. ఆమెది చెడ్డతనం అనుకోకండి. ఆమె కూడా ఇద్దరు బిడ్డలను మట్టికి ఇచ్చిన మనిషే. ఆమె నక్షత్రాన్ని వాళ్ళ అత్త దించి ఉంటుంది. నొప్పి కనపడకుండా దాచిపెడితే తగ్గిపోతుందని ఆ కాలపు ఆడవాళ్ళ నమ్మకం.

సందె వేళ పాట వినిపించింది. దూరంగా మొదలై, మా వీధి మలుపు తిరిగి, దగ్గరికి వచ్చింది. పాట ఎత్తుకుని ముందు నడవాల్సింది ఉపదేశి, అంటే మా ఆయన. ఆయన గొంతు నాకు స్పష్టంగా తెలుస్తూనే ఉంది. మా ఇంటి ముందుకు వచ్చేసరికి ఆ గొంతు ఒక్కటీ ఆగింది. మిగిలినవాళ్ళు పాడుతూనే ఉన్నారు. నాలుగిళ్ళు దాటినాక మళ్ళీ కలిసింది. నక్షత్రం లేని ఇంటికి జ్ఞానులు రారు కదా, తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు. కానీ ఆ రోజు నాకు వచ్చినంత ఏడుపు బిడ్డను ఎత్తుకుపోయినప్పుడు కూడా రాలేదు. ఆ రాత్రి ఆయనా ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. పదేళ్ళపైనే అడగలేదు.

ఆయనకు అయ్యగారుగా అభిషేకం అయ్యి పుంగనూరుకు పంపినారు. చిన్న సంఘం. ఆదివారం గుళ్ళో మనుషులకంటే గోడ మీది బల్లులు ఎక్కువ అని నేనంటే ఆయనకు కోపం వచ్చేది. మదనపల్లె ఆచారాన్ని అక్కడ మొదలుపెట్టింది మేమే. పొట్లాలు కట్టడం ఇప్పుడు నా పని. బోళానికి మాత్రం బస్సెక్కి మదనపల్లె సాయిబు అంగడికే పోయేదాన్ని. ఆయన "ఎంతమంది బాలింతలమ్మా?" అని అడగడం, నేను చెప్పడం. నేను చెప్పే లెక్కలో ఎప్పుడూ ఒక బాలింత ఎక్కువ. పొట్లాలు కూడా ఒకటి ఎక్కువ కట్టేదాన్ని. మొదటి ఏడు మా ఆయన చూసి, "ఇదెవరికి?" అన్నాడు. "మిగిలితే నేను వాడుకుంటా, మీకేం?" అన్నాను. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. పండగైనాక ఆ పొట్లం బీరువాలోకి పోయేది. బెల్లం చీమలు పట్టకముందే పాయసంలో వేసేదాన్ని, సాంబ్రాణి దోమలకు పొగ పెట్టేదాన్ని, బోళం అట్లాగే ఉండిపోయేది.

అక్కడ ఇద్దరు ఆడపిల్లలు పుట్టినారు నాకు. రెండుసార్లూ మా పంచలో నక్షత్రం వెలిగింది. జ్ఞానులు వచ్చినారు. ఒకసారైతే సాంబ్రాణి పొగ వేస్తుండగా ఒక జ్ఞాని గోనెనార గడ్డానికి నిప్పంటుకుంది. చెంబు నీళ్ళు మొహాన కొట్టినాను, ఆ చలికి ఆయన కిరీటం తీసి నామీద విసిరినంత పని చేసినాడు. బాగా నవ్వుకున్నాం. "దేవుడు తీసుకున్నదానికి రెండింతలు ఇచ్చినాడు" అన్నారు చూడవచ్చినవాళ్ళు. ఈ మాట ఎవరు కనిపెట్టినారో గానీ వాళ్ళకు బిడ్డలు ఉండి ఉండరు. ఆ రెండు పొట్లాలు ఆ పిల్లలవి. ముందు పుట్టినవాడిది వాడికి ఇంకా బాకీ.

ప్రత్యక్షత కాలంలో గుళ్ళో చదివే వాక్య భాగాలన్నీ వెలుగు గురించే. జ్ఞానుల రాక, యేసు బాప్తిస్మం, పెళ్ళింట్లో నీళ్ళు ద్రాక్షారసం కావడం. నాకు ఒక్కటి మాత్రం మింగుడుపడేది కాదు. జ్ఞానులు వేరే దారిన వెళ్ళిపోయినాక, ఆ బిడ్డను చంపాలని చూసిన రాజు ఏం చేసినాడో పుస్తకంలో ఉంది. బేత్లెహేము ఊరి పసిబిడ్డలంతా పోయినారు. చదివేవాళ్ళు జ్ఞానులు ఇంటికి పోయినారనేంతవరకు చదివి పుస్తకం మూసేస్తారు. ఆ తల్లుల ఇళ్ళకు ఎవరైనా పోయినారా, పొట్లం కాదు గదా, గుక్కెడు నీళ్ళు ఇచ్చినారా అని మా ఆయనను ఒకసారి అడిగినాను. ఆయన పుస్తకం తిరగేసి చూసి, "రాయలేదు" అన్నాడు. వాక్యం చెప్పేవాళ్ళు తెలియదని ఒప్పుకోవడం నాకు ఆయనలో నచ్చే గుణం.

ఎనభైల్లో కుప్పానికి బదిలీ అయినాము. అటు తమిళం, ఇటు కన్నడం, నడుమ మన తెలుగు. గుళ్ళో ఒకే పాటను పక్కపక్కన కూర్చున్నవాళ్ళు రెండు భాషల్లో పాడేవాళ్ళు. రైలు వచ్చిందంటే ప్రసంగం ఆగాల్సిందే. కుప్పంవాళ్ళు మా ఆచారాన్ని ఎంత ఇష్టంగా పట్టుకున్నారంటే, రెండో ఏడుకే అది వాళ్ళ తాతల కాలంనుంచి ఉన్నట్టు మాకే చెప్పడం మొదలుపెట్టినారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన అక్కడ జ్ఞానుల్లో మొదటివాడు. దారికి ఆయన పాత గార్డు లాంతరే.

మూడో ఏడు క్రిస్మస్‌కు ముందు, గుడి వెనక వీధిలో ఒక చిన్నదానికి బిడ్డ పుట్టి పోయింది. మొదటి కాన్పు. భర్త టమోటా లారీ తోలేవాడు, బెంగుళూరుకూ పలమనేరుకూ తిరుగుతూ ఇంట్లో ఉండేది తక్కువ. బిడ్డను మట్టి చేసిన రోజు మా ఆయనతోపాటు నేనూ పోయినాను. ఆ పిల్ల తలకు గుడ్డ లేదు. చెవుల్లో దూది లేదు. నోరెక్కువ అని పేరు పడినదాన్ని ఒక్క మాట కూడా చెప్పకుండా ఇంటికి వచ్చినాను.

జ్ఞానుల పండగ సందె వేళ పొట్లాల బుట్ట పట్టుకుని పాటవాళ్ళతో కలిసి నేనూ బయలుదేరినాను. కరెంటు పోయింది. నక్షత్రాల్లో మైనం వత్తులు పెట్టినారు, వీధులు చీకటిగా ఉండేసరికి అవి ఇంకా బాగా కనపడుతున్నాయి. పోవాల్సిన ఇళ్ళన్నీ అయిపోయినాయి. బుట్టలో ఎప్పటిలాగే నా ఎక్కువ పొట్లం ఒక్కటి మిగిలింది. గుడికి తిరిగి వచ్చే దారిలో, ఆ చిన్నదాని ఇంటి పంచలో నక్షత్రం వెలుగుతోంది.

అందరం ఆగిపోయినాము. పాట ఆగిపోయింది. గార్డు పెద్దాయన మెల్లగా మా ఆయన దగ్గరికి వచ్చినాడు.

"అయ్యగారూ, మరిచిపోయి తీయలేదేమో. ఇప్పుడు ఈ వేషాలేసుకుని పోయి ఆ పిల్లను ఏడిపించేది యాల? గమ్మున పోదాం పదండి."

ఆయన చెప్పిందాంట్లో దయ ఉంది. మా అత్త చేతుల్లో ఉన్నటువంటి దయే. మా ఆయన నావైపు చూసినాడు. నాకు మదనపల్లెలో మంచం, ఆ పీట, నాలుగిళ్ళ అవతల మళ్ళీ కలిసిన ఆ గొంతు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడినాయి.

"కరెంటు పోయింది ఇందాక," అన్నాను. "ఆ నక్షత్రంలో వత్తి మండుతోంది. మరిచిపోయిన నక్షత్రంలో వత్తి ఎవరు వెలిగించినారు?"

గార్డు పెద్దాయన లాంతరు ఎత్తి ఆ నక్షత్రంవైపు చూసినాడు.

"నక్షత్రం ఉండే ఇంటికి పోవాల. అంతేనా, కాదా?"

మా ఆయన ముందు నడిచినాడు. ముగ్గురు జ్ఞానులూ కిరీటాలు తీసి చంకలో పెట్టుకుని ఆయన వెనక వచ్చినారు. తలుపు కొట్టకముందే తెరుచుకుంది. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. చాప వేసి ఉంది. మా కోసమే వేసింది. లోపలినుంచి ఆమె అత్త పరుగెత్తుకుని వచ్చి, "వద్దంటే యినలేదు సామీ, మతి నిలకడ లేదు దీనికి, మీరేమనుకోవద్దు," అని చేతులు జోడించింది.

ఆ పిల్ల అత్తను పట్టించుకోలేదు. మా ఆయనను గానీ జ్ఞానులను గానీ చూడలేదు. నన్నే చూసి అడిగింది.

"బిడ్డ లేదు గానీ, నేను కనలేదా అమ్మగారూ?"

నా కొంగుతో ఆమె తలకు గుడ్డ చుట్టినట్టు చుట్టి, చాప మీద కూర్చోబెట్టినాను. పొట్లం విప్పి, బోళం బెల్లంలో ఉండ చేసి నా చేత్తోనే మింగించినాను. చేదుకు మొహం ముడుచుకుంది, తర్వాత ఏడ్చింది. ఆమె అత్త మొదట గుమ్మం దగ్గరే నిలబడి, కాసేపటికి లోపలికి పోయి నిప్పులు తెచ్చింది, సాంబ్రాణి వేయడానికి. గార్డు పెద్దాయన బయట అరుగు మీద కూర్చుని మొహం తుడుచుకుంటున్నాడు. పాట పాడమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ పాడలేదు.

ఆ మరుసటి ఏడు పండగ ముందు ఆదివారం మా ఆయన ప్రకటనల్లో ఒక మాట కలిపినాడు. బిడ్డ ఉన్నా లేకపోయినా, కన్న తల్లి ఎవరైనా నక్షత్రం పెట్టుకోవచ్చునని. ఏ ఏటి బిడ్డ అనేది చెప్పడం మరిచిపోయినాడు. కావాలనే మరిచిపోయినాడేమో, ఆయనను నమ్మలేము. పండగ సందె వేళకు కుప్పంలో మా వీధులు చూడాలి! అరవై, ఎనభై దాటిన అవ్వలు, పళ్ళు లేనివాళ్ళు, కర్ర పట్టుకుని నడిచేవాళ్ళు, ఎన్నడో యాభై, అరవై ఏళ్ళ కిందట పోయిన బిడ్డకు నక్షత్రాలు కట్టుకుని కూర్చున్నారు. ఒకామె అయితే కొత్త చీర కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని మరీ కూర్చుంది. "నా బిడ్డ ఉండింటే నీ అంత ఉండును నాయనా" అని గార్డు పెద్దాయన గడ్డం పట్టుకుని అనింది. నేను కట్టిన పొట్లాలు సగం దారిలోనే అయిపోయినాయి. ఒక ఆడమనిషి పరుగెత్తి ఇంటినుంచి బెల్లం తెచ్చింది, ఇంకొకరు సాంబ్రాణి తెచ్చినారు, బోళం ముక్కలను రాయితో పగలగొట్టి పంచినాము. ఆ ఏడు ఎక్కువ పొట్లం కూడా మిగలదని నాకు అర్థమైంది. మిగలకపోతే మాత్రం ఏం, ఇన్ని ఇళ్ళకు అందింది కదా అనుకున్నాను. అనుకున్నాను గానీ, ఖాళీ బుట్ట అడుగును ఇంకోసారి తడిమి చూసినాను.

కాళ్ళు పీకుతున్నాయని నేను ముందుగా ఇంటికి బయలుదేరినాను. వీధి మలుపు తిరిగేసరికి మా పంచలో నక్షత్రం వెలుగుతోంది. రంగు కాగితం వెలిసిపోయి, మడతలు పడిన చోట చినిగి, అతుకులు వేసి ఉంది. మా అత్త పోయినాక ఆమె పెట్టెను కుప్పానికి తెచ్చుకున్నాము. దాని అడుగున ఏముందో నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన చూసినట్టున్నాడు, నేను బుట్టతో ముందు గుడికి పోయినాక కట్టి వెలిగించినట్టున్నాడు.

నేను లోపలికి పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాను. పాట వినిపించింది. దూరంగా మొదలై, మలుపు తిరిగి, దగ్గరికి వచ్చింది. ఆయన గొంతు మా గుమ్మం దాకా ఆగకుండా వచ్చింది. జ్ఞానులు ముగ్గురూ బయటే నిలబడినారు. లోపలికి ఆయన ఒక్కడే వచ్చినాడు. జేబులోంచి పొట్లం తీసినాడు, నేను కట్టిన ముడే. ఎప్పుడు తీసి దాచినాడో! దాన్ని విప్పి, మోటుగా, చేతకాక, బోళం బెల్లంలో చుట్టడానికి తంటాలు పడినాడు. ఉండ నా చేతిలో పెట్టినాడు.

"చానా ఆలస్యమైపోయింది," అన్నాడు.

జ్ఞానులు ఇంకా దారిలోనే ఉంటారని ఏటా అందరికీ చెప్పేది నేనే కదా. నోట్లో వేసుకుని మింగినాను. బెల్లం సరిగా అంటలేదు, చేదంతా నాలుకకే తగిలింది.